వైస్ ప్రెసిడెంటుకు లీవు ఇవ్వలేదు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. హోసూరు బస్టాండు దగ్గర మేడమీద నా ఆఫీసు. లేబర్ కేసులు చూసే లాయర్ని కాబట్టి నా మెట్లెక్కేది ఎక్కువగా ఫ్యాక్టరీ మనుషులే. ఆ రోజు మాత్రం నాగరాజు అనే ఆయన వచ్చి విజిటింగ్ కార్డు చేతికిచ్చాడు. ఒక ప్రైవేటు బ్యాంకులో అసిస్టెంట్ వైస్ ప్రెసిడెంట్! గబుక్కున లేచి కుర్చీ జరిపాను.

"ఉద్యోగంలోంచి తీసేసినారు సార్. ఏం తప్పు చేసినానో కూడా చెప్పలేదు. నలభై అయిదు దాటినాయి, ఇంకో బ్యాంకువాళ్లు ఎవురు పిలుస్తారు?"

"మీరు చేసే పనేమిటి?"

"అంగళ్లకు పోయి అకౌంటు ఫారాలు రాయించుకోని వస్తాను. చెక్కులు తెస్తాను."

"మీ కింద ఎంతమంది?"

"నా కిందనా? బండి ఒకటే సార్."

నవ్వొచ్చింది గానీ, ఆయన ముఖం చూసి ఆపుకున్నాను. గుమాస్తా పని చేసేవాణ్ణి చట్టం 'వర్క్‌మన్' అంటుంది. అలాంటివాణ్ణి ఇష్టమొచ్చినట్టు తీసేయడానికి లేదు. పెద్ద అధికారికి ఆ రక్షణ లేదు. లేబర్ కోర్టులో కేసు వేస్తే, బ్యాంకు సరిగ్గా ఆ మాటే పట్టుకుంది: ఈయన వైస్ ప్రెసిడెంటు, లేబర్ కోర్టుకు సంబంధమే లేదు అని.

విచారణలో బ్యాంకు హెచ్.ఆర్. అధికారిని అడిగాను, ఈ హోదాలు ఎలా ఇస్తారని. ఆయన ఏమాత్రం తడుముకోలేదు.

"ఆఫీసర్ అంటే కస్టమర్లు లోపలికి రానివ్వరు. వైస్ ప్రెసిడెంటంటే కాఫీ ఇస్తారు. జీతం పెంచలేని ఏడాది హోదా పెంచుతాం. అన్ని బ్యాంకుల్లోనూ ఉన్నదే."

ఇంత నిబ్బరంగా చెబుతాడని నేననుకోలేదు. అంతలో ఆయన ఫైల్లోంచి ఒక ఫోటో బయటికి తీశాడు. నాగరాజు సొంతూరు మత్తూరులో రోడ్డు పక్కన నిలువెత్తు ఫ్లెక్స్ బ్యానర్, అందులో నాగరాజు చేతులు జోడించి నవ్వుతున్నాడు, కింద వైస్ ప్రెసిడెంటుగారికి ఊరివాళ్ల అభినందనలు. "పదవి ఒప్పుకునే కదా ఊరంతా చాటుకున్నాడు?" అన్నాడు. అభిమానంతో కట్టిన బ్యానర్‌ని సాక్ష్యంగా తెస్తారని కలలో కూడా అనుకోలేదు. కేసు పోయిందనే అనుకున్నాను. నాగరాజు తల వంచుకుని కూర్చున్నాడు.

బ్యానర్ కట్టించింది ఆయన మేనమామ మునియప్ప, మత్తూరులో కూలిపని చేసే మనిషి. తర్వాతి వాయిదాకు ఆయన్ని పిలిపించాను.

"నేనే కట్టిస్తిని సార్. మా వంశంలో ఇంత పెద్ద ఉద్యోగం ఎవురికి వచ్చింది?" అన్నాడు మునియప్ప.

"నాగరాజు చూసి ఏమన్నాడు?"

"యాడ వచ్చినాడప్పా! బిరియానీ చేసి కాచుకోని ఉంటిమి. బ్రాంచి మేనేజరు లీవు ఇయ్యలేదంట. గాలికి బ్యానరు చినిగి కూడా పోయింది, వాడు చూడనే లేదు."

జడ్జిగారు పెన్ను కింద పెట్టారు. "వైస్ ప్రెసిడెంటుకు మేనేజరు లీవు ఇవ్వలేదా?" అని అడిగారు. హెచ్.ఆర్. అధికారి ఆ ఫోటోను మళ్లీ ఫైల్లో పెట్టేసుకున్నాడు. నాగరాజుకు ఉద్యోగం తిరిగి వచ్చింది.

అప్పటినుంచీ నేను ఎవరి కార్డూ చూడను. "మీకు లీవు ఇచ్చేదెవరు?" అన్నదే నా మొదటి ప్రశ్న. మనిషి ఏ హోదాలో ఉన్నాడో దాంట్లో తేలిపోతుంది.

తీర్పు రోజున వరండాలో ఆ హెచ్.ఆర్. అధికారి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. కోర్టులో ఆయన రాయించుకున్న హోదా సీనియర్ వైస్ ప్రెసిడెంట్. ఆటపట్టిద్దామని అదే ప్రశ్న అడిగాను.

ఆయన నవ్వలేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "హోసూరులో మీ ఆఫీసు ఎక్కడ సార్?" అన్నాడు.