గుట్ట కింద గాలి దించే చోటు

“మే, గాలి దించినావా?”

“దించినాను మామా. పైకి పోయి నీళ్ళు పోసొచ్చినాను. నువ్వు పండుకో.”

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న చివరి మాటలు ఇవి. పొద్దు వాలే వేళ ఆయన మంచం మీద నుంచి అడిగాడు, నేను గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ తల ఎత్తకుండానే జవాబు చెప్పాను, మరుసటి తెల్లవారికి ఆయన లేడు. నేను చెప్పిన జవాబులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. టైర్లలో గాలి దించలేదు, గుట్ట ఎక్కలేదు, నీళ్ళు పోయడానికి పైన గొర్రెలు కూడా లేవు. అంతకు నెల ముందే మందను అమ్మేశాను, ఆయనకు చెప్పకుండా.

ఇన్నేళ్ళూ ఈ సంగతి నాలోనే పెట్టుకున్నాను. మొన్న ఆదివారం బెంగళూరు నుంచి నాలుగు పెద్ద జీపులు మా ఊరు రాయచెర్లు మీదుగా గుట్ట వైపు పోయాయి. బండ్లను రాళ్ళ మీదకు ఎక్కించి దింపడం ఇప్పుడు చదువుకున్న వాళ్ళకు ఒక సరదా అట. నేను అక్కడే కట్టెలు ఏరుకుంటున్నాను. వాళ్ళు గుట్ట మొదట్లో ఆగి, ఒకప్పుడు మేము ఆగిన చోటే ఆగి, మేము దించినట్టే టైర్లలో గాలి దించుకున్నారు. మధ్యాహ్నానికి దిగి వచ్చి చిన్న మిషనుతో మళ్ళీ గాలి పట్టుకున్నారు. ఆ మిషను చప్పుడు వింటూ నిలబడి కట్టెల మోపు ఎత్తుకోవడం కూడా మరిచిపోయాను. ఎందుకో చెప్పడానికే మా అన్న కూతురిని కూర్చోబెట్టుకున్నాను. అది పావగడలో టీచరు. నేను చెబుతున్నాను, అది రాస్తోంది.

మాది గొర్రెల బతుకు. నన్ను మా అమ్మ తమ్ముడికే ఇచ్చారు కాబట్టి పెళ్ళికి ముందూ తర్వాతా ఆయన నాకు మామే. బలసముద్రం నుంచి నేను కాపురానికి వచ్చిన రోజు మా అమ్మ పదకొండు గొర్రె పిల్లలను నా వెంట తోలించింది. ఆ పదకొండే పెరిగి మంద అయ్యాయి. నా ఈడు వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు గానీ, ఇప్పటి వాళ్ళకు గొర్రె అంటే మాంసం కొట్లో వేలాడేదే. మాకు మాత్రం ఒక్కో గొర్రె పేరూ, దాని తల్లి పేరూ తెలుసు.

సోలారు కరెంటు కంపెనీ వచ్చినప్పుడు మా చెనిక్కాయ చేలు కూడా కౌలుకు పోయాయి. దానికి నేను ఎవరినీ తప్పు పట్టను, వానలు లేని నేల ఏళ్ళ తరబడి మా చేత కన్నీళ్ళు పెట్టించిందే గానీ గింజ పెట్టింది తక్కువ. అయితే చేల చుట్టూ కంచె పడ్డాక మేత అంతా గుట్ట వెనక్కి పోయింది. గుట్ట మీద చిన్న కుంట ఉంది, శివరాత్రి దాటితే అది ఎండిపోతుంది. ట్రాక్టరు ట్యాంకరు ఆ రాళ్ళ దారిలో సగం కూడా ఎక్కలేదు. చాలామంది మందలు అమ్ముకుని సోలారు ప్లేట్లు కడిగే కూలికి పోయారు. మా ఆయన ఒక రాత్రి కాదు, వారం రోజులు ఆలోచించి ఒక మాట అన్నాడు. “వచ్చే ఎండాకాలం నీళ్ళు పైకెక్కితే మంద ఉంటాది. ఎక్కకపోతే అమ్మేద్దాం. దాహానికి సచ్చేది నేను సూడలేను.”

ఆయన పడుచుతనంలో రాళ్ళ క్వారీలో లారీ తోలాడు. ఆ క్వారీ వెనక ఒక పాత జీపు ముళ్ళ కంపల్లో పడి ఉందని ఆయనకు గుర్తుంది. దాన్ని ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చినప్పుడు సీట్లలో ఎలుకలు పిల్లలు పెట్టి ఉన్నాయి. దీపావళి దాటాక మొదలుపెట్టి శివరాత్రి దాకా మా వాకిలి వాకిలిలా లేకుండా పోయింది. ఇంజను ఒక మూల, గేర్ల పెట్టె ఒక మూల. నేను రాగులు చెరిగే చేటలో నట్లూ బోల్టులూ పోసి ఏరేదాన్ని, కిరసనాయిలులో బేరింగులు కడిగేదాన్ని. పానాల మీద నంబర్లు చదవడం నాకు రాదు గానీ ఏ నట్టుకు ఏ పానా పడుతుందో చూపుకే తెలిసిపోయేది. మా అత్త, అంటే మా అవ్వే, గడపలో కూర్చుని వచ్చే పోయేవాళ్ళకు చెప్పేది: “మా కోడలు ఈ పొద్దు నట్ల సంగటి సేస్తా ఉండాది, తినిపోండి.”

పావగడలో వెల్డింగు చేసే అతను వచ్చి ఇంజను కింద మందపాటి ఇనుప రేకు వేశాడు, రాయి తగిలినా నూనె కారకుండా. పొగ గొట్టాన్ని వంకలో నీళ్ళు తగలకుండా పైకి ఎత్తాడు. నాలుగు చక్రాలూ ఒకేసారి లాగే చిన్న గేరు మొదట్లో పడేది కాదు, దాన్ని మా ఆయన మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. టైర్లు పెద్ద పళ్ళున్నవి తెచ్చాడు. అంతవరకూ బాగానే ఉంది. రాళ్ళు కడుపుకు తగలకూడదని చక్రాల మీద బండి బరువు మోసే పట్టీలు, లారీవి, కమాన్ కట్టలంటారు, తెచ్చి వేయడంతో జీపు మూరెడు పైకి లేచింది. పక్కింట్లో ఉండే మా బావ చుట్టూ తిరిగి చూసి, “ఏంప్పా, నిచ్చెన యాడ పెట్టినావు?” అని అడిగాడు. మా ఆయన మాత్రం ఎత్తుగా ఉండటమే గొప్ప అనుకున్నాడు.

రెండు నిండు డ్రమ్ములు నిలబెట్టి కట్టి మొదటిసారి బయల్దేరిన రోజు నేను వెనక నడుస్తున్నాను. బండి రాళ్ళు ఎక్కింది, వంక దాటింది. పక్కకు వాలి ఉండే పెద్ద బండ మీదకు వచ్చేసరికి డ్రమ్ముల్లో నీళ్ళు ఒక పక్కకు ఊగాయి, ఆ ఊపుకు బండి రెండు చక్రాల మీద లేచి, మెల్లగా, ఎవరో పడుకోబెట్టినట్టు, పక్కనున్న గుండు మీద వాలిపోయింది. ఆయనకు మోచెయ్యి దోక్కుపోయింది, అంతే. నీళ్ళన్నీ బండ మీద పారాయి. పైన గొర్రెలకు నీళ్ళ వాసన తగిలింది కాబోలు, మందకు మంద దిగి వచ్చి తడిసిన రాతిని నాకాయి. నాకుతూనే ఉన్నాయి, రాయి ఆరిపోయిన తర్వాత కూడా. ఆయన ఒక పక్కన కూర్చుని అది చూశాడు. ఇంటికి వచ్చాక ఒకటే మాట. “గొర్రెలు కొనే అనంతపురం సాయిబుకు కబురు పెట్టు. వచ్చి మందను సూస్కోమను.”

మరుసటి పొద్దున బోరు దగ్గర బిందె ఎత్తుకుంటుంటే మా అమ్మ గుర్తొచ్చింది. ఆడవాళ్ళం మైళ్ళ దూరం నీళ్ళు మోసిన కాలంలో నిండు బిందెలో ఆకులున్న కానుగ రెమ్మ ఒకటి వేసేవాళ్ళం. వేప రెమ్మ వేస్తే నీళ్ళు చేదెక్కుతాయి, కానుగ అయితే ఏమీ కాదు. రెమ్మ ఉంటే నీళ్ళు ఊగవు. బిందె దించకుండానే ఇంటికి వచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

“మామా, మీ యక్క బిందెలో కానుగ రెమ్మ ఏల ఏస్తా ఉండె?”

“తొణక్కుండా.”

“బిందెకు తెలిసింది నీ డ్రమ్ముకు తెలీదా? ఇంగోటి. నెత్తిన బిందె పెట్టుకొని ఎవరన్నా మడమలెత్తి నడుస్తారా? నీ జీపు మడమలెత్తి నడుస్తా ఉండాది.”

ఆయన నా నెత్తి మీది బిందె దించి, పానాలు తెచ్చుకున్నాడు. ఆ మధ్యాహ్నమే కమాన్ కట్టల్లో రెండేసి పట్టీలు ఊడదీశాడు. డ్రమ్ములను అడ్డంగా కోయించి నాలుగు తొట్లు చేయించాడు, అవి చక్రాల మధ్య కిందికి కూర్చున్నాయి. నేను నాలుగింటిలోనూ కానుగ కొమ్మలు వేశాను. ఆ తర్వాత ఆ బండ మీద బండి వాలింది గానీ ఒరగలేదు.

రాళ్ళలో ఏ చక్రం ఎక్కడ పెట్టాలో తోలేవాళ్ళకు కనపడదు, ముందు ఒకరు నిలబడి చెప్పాలి. నేను ముందు నిలబడి కుడి అంటే ఆయన కుడికి తిప్పేవాడు, నా కుడి వేరు ఆయన కుడి వేరు అని ఇద్దరమూ అరుచుకునేవాళ్ళం. చివరికి ఆయన ముందు నిలబడి నన్ను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టాడు. సోలారు కంచె పక్క మట్టి రోడ్డు మీద నెల రోజుల్లో నేర్చుకున్నాను, మా బావ గడ్డివామి ఒకటి మాత్రం నా చేతిలో కూలింది. గుట్ట మీద ఆయన నాకు మాటలతో చెప్పలేదు. మందను పిలిచినట్టు పిలిచాడు. నాలుక కొడితే ఆగమని, సన్నగా ఈల వేస్తే మళ్ళమని, గొంతులో “బ్బా, బ్బా” అంటే వెంట రమ్మని. అయిదేళ్ళ వయసు నుంచి విన్న పిలుపులు, నా కాళ్ళు వాటంతట అవే కదిలేవి.

గాలి తగ్గితే టైరు మెత్తబడి రాయిని పట్టుకుంటుంది, గుట్ట మొదట్లో ఆ గాలి దించడం నా పని. కొలత చెప్పే గడియారం మాకు లేదు, నీళ్ళు తాగి వచ్చిన గొర్రె పొట్టలా టైరు పక్కలకు ఉబ్బాలి, అదే కొలత. దిగి వచ్చాక మెల్లగా ఇంటికి తోలుకొచ్చి, వాకిట్లో చేతి పంపుతో నాలుగు టైర్లకూ మళ్ళీ గాలి కొట్టేవాళ్ళం, ఆయన రెండు, నేను రెండు. ఆ పంపు చప్పుడు వీధి చివరి దాకా వినపడేది. అప్పుడు అందరికీ తెలిసేది మా గొర్రెలు నీళ్ళు తాగాయని.

అనంతపురం సాయిబు వచ్చి, టీ తాగి, మందను చూసి, ఉత్త చేతులతో పోయాడు. ఆ ఎండాకాలమూ, ఆ తర్వాతి నాలుగు ఎండాకాలాలూ మా మంద గుట్ట మీదే ఉంది.

ఆరో ఏడు ఎండాకాలం ఆయనకు ఊపిరి ఆడటం కష్టమైంది. మంచం దిగలేకపోయాడు. ముందు నిలబడి పిలిచేవాళ్ళు లేకుండా నేను బండి ఎక్కించలేను. మా బావ వచ్చాడు గానీ ఆయన కుడి, ఎడమ అంటాడు, నా కాళ్ళు వినవు. రెండు రోజులు పైన నీళ్ళు లేవు. మూడో రోజు సాయిబుకు నేనే కబురు పెట్టాను. తోలుకుపోయే రోజు ఇంటి వైపు రాకుండా గుట్ట అవతలి నుంచే తోలుకుపొమ్మన్నాను.

ఆయనతో చెప్పలేదు. రోజూ పొద్దున జీపు తీసి, కంచె దాకా తోలుకుపోయి, ఎండలో ఆ నల్లటి పలకలను చూస్తూ కూర్చుని, వేళకు తిరిగి వచ్చేదాన్ని. ఇంజను చప్పుడు ఆయనకు వినపడితే చాలనుకున్నాను. ఆయన రోజూ ఆ గొర్రె ఈనిందా, ఈ గొర్రె కుంటు తగ్గిందా అని అడిగేవాడు. నేను పిల్లల లెక్కా, కుంటు సంగతీ కల్పించి చెప్పేదాన్ని. చివరి పది రోజులు గొర్రెల మాట ఎత్తడమే మానేశాడు. ఒంట్లో శక్తి లేకనే అనుకున్నాను.

మొన్న ఆదివారం ఆ మిషను చప్పుడు విన్నప్పుడు తెలిసింది. ఆ నెల రోజుల్లో నేను ఒక్కసారి కూడా వాకిట్లో పంపు కొట్టలేదు. గాలి దించని టైర్లకు గాలి కొట్టాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆయన మాత్రం మంచం మీద పడుకుని ప్రతి సాయంత్రమూ ఆ చప్పుడు కోసం విన్నాడు. వినపడలేదు. కాబట్టి ఆయనకు తెలుసు. తెలిసీ, నన్ను ఏమీ అనకుండా, చివరి సాయంత్రం ఒక్క మాట అడిగాడు. నేను నిజం చెప్పుకోవడానికి తలుపు తీశాడేమో, లేకపోతే నా అబద్ధాన్ని నాకు సుఖంగా ఉండనిచ్చాడేమో, ఇప్పుడు ఎవరిని అడగను?

ఇప్పుడు గుట్ట దారి వెడల్పయింది, ఆదివారం వస్తే రాళ్ళ మీద కొత్త టైర్ల గీతలు. వచ్చే బండ్లు మా జీపు కన్నా ఎంతో మంచివి. వాళ్ళు పైకి ఎక్కి, ఫోటో తీసుకుని, దిగిపోతారు. పైకి మోసుకుపోయేది ఏమీ లేదు, పైన ఎదురుచూసేదీ లేదు. వాళ్ళలో ఒక అబ్బాయి, “ఏమవ్వా, ఎప్పుడైనా పైకి ఎక్కినావా?” అని కన్నడంలో అడిగాడు. ఎక్కినానని చెప్పాను. నడిచి అనుకున్నాడు.

రాసింది చాలు పాపా. ఇంక కళ్ళజోడు తుడుచుకొని మొదటి నుంచి చదువు. మీ మామ అడిగిన మాట మెల్లగా చదువు. నా జవాబు దగ్గర కొంచేపు ఆగు.