మాట్లాడినవారి పేర్లు

శాసనాలు వేయించడం రాయలసీమకు కొత్త కాదు. రాజులు రాతి మీద వేయించారు, సామంతులు రాగిరేకు మీద వేయించారు. 1993 జూన్ మొదలు పుంగనూరులోని ఒక ఉన్నత పాఠశాలలో పదో తరగతి బి సెక్షన్‌ను ఏలిన క్లాసు లీడరు దేవేంద్ర మాత్రం నల్లబల్ల మీద సుద్దముక్కతో స్వహస్తాలతో రాశాడు. శాసనపాఠం ఎప్పుడూ ఒకటే. పైన ‘మాట్లాడినవారి పేర్లు’, కింద ఆ పేర్లు, పేరు పక్కన నేరతీవ్రతను బట్టి ఇంటూ గుర్తులు. లెక్కల సారు నారాయణస్వామి గదిలోకి వచ్చి, ఒక్క అక్షరాన్ని కూడా శంకించకుండా, చింతబరికెతో వాటిని అమలు చేసేవారు.

మార్చితో రాజ్యం పోయింది, అలవాటు పోలేదు. దేవేంద్రకు ఇప్పుడు నలభై ఆరేళ్ళు. మదనపల్లెలో మోటారు వైండింగు షాపు నడుపుతాడు. చుట్టుపక్కల బోర్లలో కాలిపోయిన మోటార్లు ఆయన దగ్గరికి వస్తాయి. మాడిన రాగితీగ పీకేసి కొత్తది చుట్టి పంపిస్తాడు. షాపు గోడ మీద సుద్దముక్కతో రైతు పేరు ఉంటుంది. పక్కన ఆ మోటారు ఎన్నిసార్లు కాలిందో అన్ని ఇంటూలు. మూడు ఇంటూలు పడ్డ రైతులు ఆ గోడకు వీపు తిప్పి కూర్చుంటారు.

అలాంటి మనిషి పోయినేడాది ఫేస్‌బుక్‌లో తన క్లాసుకు ఒక పేజీ పెట్టాలనుకున్నాడు. సాయానికి క్లాస్‌మేట్ స్వర్ణను పిలిచాడు. ఆమె పుంగనూరులో అంగన్‌వాడీ టీచరు. రోజూ పిల్లల హాజరు ఫోన్‌లో ఎక్కిస్తుంది కాబట్టి ఆయన లెక్కలో శాస్త్రవేత్త.

"పేజీకి ఏం పేరు పెడదామప్పా?" అని స్వర్ణ అడిగింది.

"పదో తరగతి బి సెక్షన్, పుంగనూరు. దాని కింద క్లాసు లీడరు దేవేంద్ర అని పెట్టు."

"ఇంగా నువ్వే లీడరా?"

"తీసేసినామని ఎవురన్నా సెప్పినారా నాకు?"

నిజమే, ఎవరూ చెప్పలేదు. స్వర్ణ అలాగే పెట్టింది.

మొదటి పోస్టు హాజరుపట్టీ. నలభై రెండు పేర్లు, రోల్ నంబర్ల వరుసలో, దేవేంద్ర నోటికి గుర్తున్నవి. కింద ఎవరికి వారు ‘ప్రెజెంట్ సార్’ అని పెట్టాలి. నాలుగు నెలల్లో ముప్పై తొమ్మిది మంది పెట్టారు. కలకడలో కిరాణా అంగడి పెట్టుకున్న నాగవేణి ‘ప్రెజెంటే గానీ, నా పేరు పక్కన ఇంటూ ఏస్తే బ్లాక్ సేస్తా లీడరూ’ అని రాసింది. ఇద్దరు ఇక ఎప్పటికీ పెట్టలేరు. వాళ్ళ పేర్ల పక్కన స్వర్ణ దీపం బొమ్మ పెట్టింది. మిగిలింది ఒక్కడు. రోల్ నంబరు ఇరవై ఏడు, మునిరాజు.

పేజీ అంతా ఆ ఒక్కడి కోసమేనని స్వర్ణకు అప్పుడు తెలిసింది. 1993 డిసెంబరు తొమ్మిది, గురువారం. ఆ రోజు మునిరాజు వెనక బెంచీలో తల వంచుకుని కూర్చున్నాడు, నోరు మెదపలేదు. అయినా ముందు రోజు వాడు తన సైకిలు తొక్కనివ్వలేదన్న కోపంతో దేవేంద్ర వాడి పేరు రాశాడు. పక్కన నాలుగు ఇంటూలు. సారు ఒక్క ఇంటూ కూడా వదలకుండా కొట్టారు. మరునాడు మునిరాజు బడికి రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు.

"నా వల్లనే సదువు ఇడిసిపెట్టినాడు మా," అన్నాడు దేవేంద్ర. "యాడుండాడో, ఏం మూటలు మోస్తాండాడో. వాని ముందర నిలబడి ఒక్క మాట సెప్పుకోవల్ల."

స్వర్ణ నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకుంది.

మునిరాజు కుప్పం పక్క ఉన్నాడని పేజీలో ఎవరో కామెంటు పెట్టారు. వెతికితే కుప్పం మునిరాజు ఒకడు దొరికాడు. ముఖం ఉండాల్సిన చోట ఆవు ఫొటో ఉంది.

‘మునీ, నేను దేవేంద్రను. బాగుండావా?’ అని పంపాడు.

‘బాగుండానప్పా. నువ్వెట్లుండావు? ఇంట్లో అందురూ బాగుండారా?’ అని వెంటనే జవాబు వచ్చింది.

ఇక్కడ మన వైపు మర్యాద గురించి ఒక మాట చెప్పాలి. చనువుగా పలకరించినవాణ్ణి ‘నువ్వెవరు’ అని అడగడం, వచ్చిన చుట్టాన్ని వాకిట్లోనే నిలబెట్టడం లాంటిది. ముందు బాగోగులు అడగాలి, తర్వాత వానల సంగతి ఎత్తాలి, ఆ మాటల్లోనే మనిషి ఎవరో మెల్లగా తేల్చుకోవాలి. తేలకపోతే ఆ సంగతి పైకి అనకూడదు. ఈ మర్యాద తప్పకుండా ఇద్దరూ మూడు వారాలు మాట్లాడుకున్నారు. వానలు, టమోటా ధర, మోకాలి నొప్పి. ‘పుంగనూరు గుర్తుండాదా?’ అని దేవేంద్ర అడిగితే ‘ఎట్ల మరస్తానప్పా’ అని వచ్చింది. ఇంతకు మించిన సాక్ష్యం కోర్టులు కూడా అడగవు.

ఒక ఆదివారం దేవేంద్ర మదనపల్లెలో బస్సెక్కాడు. స్వర్ణ పుంగనూరులో ఎక్కింది. పలమనేరు దాటేదాకా ఆయన తాను చెప్పబోయే మాటలు కాగితంలో చూసుకుంటూనే ఉన్నాడు. కుప్పం దగ్గరి పల్లెలో మునిరాజు పశువుల కొట్టం ముందు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. బట్టతల, నెరిసిన మీసం. ముప్పై ఏళ్ళు మనిషిని ఇంతగా మారుస్తాయా అని వచ్చిన ఇద్దరూ అనుకున్నారు. మర్యాద కాదని పైకి అనలేదు.

మునిరాజు భార్య తిమ్మక్క కాఫీ తెచ్చింది. దేవేంద్ర గ్లాసు ముట్టకుండా లేచి నిలబడ్డాడు. సైకిలు సంగతి, పేరు సంగతి, నాలుగు ఇంటూల సంగతి అంతా చెప్పాడు.

"తప్పయిపోయింది మునీ. నీ సదువు నేనే పోగొట్టినాను."

మునిరాజు ఆసాంతం విన్నాడు. "పోనీలేప్పా. సిన్నతనం. మనసులో పెట్టుకోవాకు. కాఫీ సల్లారిపోతాండాది, తాగు."

దేవేంద్ర కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు తిమ్మక్క మొగుడి వైపు తిరిగింది.

"నువ్వెప్పుడు పుంగనూర్లో సదివినావు? మూడో క్లాసులోనే మీ నాయన గొర్రెల ఎనక తోలినాడంటివే."

"నేను యాడ సదివినాను? ఆవును కొనేదానికి రెండుతూర్లు పోయింటి, అంతే."

"మరి ఆయప్ప తప్పయిందంటే పోనీలే అంటివి?"

"అంత దూరం నుంచి వొచ్చి కండ్లల్లో నీళ్ళు పెట్టుకుంటాండాడు. ఆ మనిషి నేను కాదని యెట్ల సెప్పేది?"

స్వర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవేంద్ర కూర్చుని కాఫీ తాగేశాడు. సంపూర్ణ క్షమాభిక్ష దొరికింది కానీ, ఇచ్చినవాడికి ఆ నేరంతో సంబంధం లేదు.

"మీరు ఎతికేది కూరగాయల మండీ మునిరాజునేమో," అన్నాడు ఆ పెద్దమనిషి. "ఆయప్పది పుంగనూరే. నా బీన్స్ ఆయన మండీకే ఏస్తాను. పాండి పోదాం."

మండీలో గోతాల మధ్య ఒక మనిషి తల వంచుకుని చీటీ రాసుకుంటున్నాడు. ఆ వంపు చూడగానే దేవేంద్ర గుర్తుపట్టాడు. కాగితం జేబులోనే ఉండిపోయింది.

"మునీ, ఆ పొద్దు నువ్వు మాట్లాడలేదు. నేను ఊరికే రాసినాను నీ పేరు."

అతను తలెత్తి చూశాడు. "లీడరా? ఏమప్పా ఇంత లావయినావు? దా, కూసో."

"దెబ్బలు గుర్తుండాయా?"

"గుర్తుండక? నాలుగు."

"వాటికే గదా నువ్వు సదువు మానేసింది?"

"మానేసిందెవురు? ఈడ కుప్పంలో సేరినాను, ఇంటరు దాకా సదివినాను. మా నాయనకు ఈడ క్వారీలో పని దొరికిందని ఇల్లు మారిస్తిమి. పోయేలోగా మిమ్మల్నందుర్నీ సూసుకుందామని రెండు దినాలు ఊరికే వొచ్చి కూసోనింటి. నోరు తెరిస్తే ఏడుపొస్తాదని మాట్లాడలేదు."

దేవేంద్ర నమ్మలేదు. ముప్పై ఏళ్ళు మోసిన నేరాన్ని ఇంత తేలిగ్గా దించుకోవడం ఆయనకు చేతకాలేదు. తనను ఓదార్చడానికే అంటున్నాడని స్వర్ణతో గొణిగాడు. కాసేపటి కిందటే ఒక మునిరాజు అలా ఓదార్చనే ఓదార్చాడు కదా. చివరికి మండీ మునిరాజు ఇంట్లో ఉన్న కూతురు రూపకు ఫోన్ చేసి, బీరువాలోని పాత టీసీ జిరాక్సును ఫొటో తీసి పంపమన్నాడు. ఫొటో వచ్చింది. నలుగురూ ఫోన్ మీదికి వంగారు.

టీసీ మీద తేదీ డిసెంబరు ఏడు, మంగళవారం. దెబ్బలు తిన్న గురువారం నాటికి మునిరాజు ఆ బడి విద్యార్థి కాడు.