వేలక్క వెనక్కి తీసుకున్న వ్యాసం

పగలంతా పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్ బల్ల వెనక కూర్చుని, నొప్పితో వచ్చినవాళ్ళకి ధైర్యం చెప్పి, సాయంత్రం అయ్యేసరికి బ్యాగు భుజాన వేసుకుని కాలేజీకి పరిగెత్తే ఆ మనిషిని క్లాసులో అందరూ వేలక్క అనేవారు. నలభై దాటిన మనిషి. పక్కన కూర్చునేవాళ్ళంతా ఆమె కడుపున పుట్టాల్సిన వయసువాళ్ళే. అయినా అక్కా అనే పిలిచేవారు. ఆ పిలుపుకి ఆమె లోలోపల పొంగిపోయేది.

ఆ పేరు రావడానికి కారణం సారు. కథని విడదీసి చూడడం, చూసినదాన్ని రాయడం నేర్పే కోర్సు అది. కథ గురించి ఏమైనా అనండి, కానీ ఆ మాటకి ఆధారం పేజీలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి అని ఆయన మొదటి రోజే చెప్పారు. మిగతావాళ్ళు ఆ మాటని ఆ వారమే గాలికొదిలేశారు. వేలక్క మాత్రం పట్టిన పట్టు విడవలేదు. ముందు బెంచీలో ఒక కుర్రాడు ఉండేవాడు, వాణ్ణి ప్రవాహం అనేవారు. నోరు విప్పాడంటే ఆపడం ఎవరి తరమూ కాదు. "ఈ కథలో మానవాళి వేదనంతా ధ్వనిస్తోంది సార్!" అని వాడు ఊదరగొడుతుంటే వెనక నుంచి వేలక్క గొంతు నెమ్మదిగా వినిపించేది.

"ఎక్కడ నాయనా? నాకూ చూపించవూ?"

వాడు పేజీలు అటూ ఇటూ తిప్పి నీళ్ళు నమిలేవాడు. క్లాసంతా గొల్లుమనేది. వేలక్క మాత్రం నవ్వేది కాదు, ఆమెకి నిజంగానే చూడాలని ఉండేది. పెద్ద పెద్ద మాటలు చెప్పి తప్పించుకునేవాళ్ళు లోకంలో కావలసినంత మంది ఉన్నారు. చూపించమని అడిగి, చూపించేదాకా ఓపిగ్గా కూర్చునే మనిషి దొరకడమే కష్టం. పరీక్షలు దగ్గరపడే నాటికి ప్రవాహం కూడా పెన్సిలుతో గీతలు గీసుకుని మరీ క్లాసుకి వస్తున్నాడు.

ఆమె చదువు పదో తరగతితో ఆగిపోయింది. చిన్నప్పుడు తమ్ముడికి ఎప్పుడూ ఏదో ఒక జబ్బు. వాణ్ణి చూసుకోవడానికి ఇంట్లో మనిషి కావాలని తల్లి ఆమెని బడి మాన్పించింది. వాడు కోలుకున్నాడు, చదువుకున్నాడు, మంచి ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఈమె చాలా ఏళ్ళ తర్వాత ప్రైవేటుగా పరీక్షలు కట్టి ఇక్కడిదాకా వచ్చింది. తల్లి ఇప్పుడు ఈమె దగ్గరే ఉంటోంది. "అమ్మ మీద నాకేం కోపం లేదు, ఆ రోజులు అలాంటివి" అని వేలక్క అందరితోనూ అనేది. అనగా అనగా తనూ నమ్మేసింది.

ఆ ఏడాది కాలేజీలో ఒక ఉద్యోగం పడింది. కొత్తగా చేరిన పిల్లలకి వ్యాసాలు రాయడంలో సాయం చేసే గది ఒకటి ఉంది. అందులో కూర్చోవడానికి ఒకరు కావాలి. కోర్సు చివర ఎవరి వ్యాసం మొదట నిలిస్తే వాళ్ళకే ఆ కుర్చీ. ఆ గదంటే వేలక్కకి ప్రాణం. అటుగా వెళ్ళినప్పుడల్లా ఒకసారి లోపలికి తొంగిచూసేది. పళ్ళ డాక్టరు ఫోను ఎత్తీ ఎత్తీ ఆమె ప్రాణం విసిగిపోయి ఉంది.

సారు అందరికీ ఒకే కథ ఇచ్చారు. చాలాకాలంగా మాటల్లేని తల్లి, ఒక వాన సాయంత్రం తడిసి ముద్దయి కూతురి గుమ్మంలోకి వస్తుంది. కూతురు తువ్వాలు ఇస్తుంది, పక్క వేస్తుంది, వేడి పాలు తెచ్చి పెడుతుంది. అంతే కథ. కూతురు తల్లిని క్షమించిందని వేలక్క రాసింది. ఎంత బాగా రాసిందంటే, సారు పైకి చదువుతుంటే ప్రవాహం కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంక వేరే వ్యాసం చూడక్కర్లేదు" అని సారు తేల్చేశారు. ఆ సాయంత్రం వేలక్క కాళ్ళు నేల మీద ఆనలేదు.

మర్నాడు క్లినిక్కులో జనం పల్చబడ్డాక, ఆఖరిసారి సరిచూసుకుందామని కథనీ, తన దగ్గరున్న వ్యాసం నకలునీ ముందు పెట్టుకుంది. తను అన్న ఒక్కొక్క మాటకీ కథలో వేలు పెడుతూ వచ్చింది. తువ్వాలు ఉంది. పక్క ఉంది. పాలు ఉన్నాయి. క్షమించడం దగ్గరికి వచ్చేసరికి వేలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మళ్ళీ మొదటి నుంచి చదివింది. తువ్వాలు ఇచ్చి కూతురు వంటింట్లోకి వెళ్ళిపోయింది. పక్క వేసి వసారాలోకి వెళ్ళిపోయింది. పాలు పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. తల్లి ఉన్న గదిలో ఆ పిల్ల కాసేపైనా నిలవలేదు. మర్యాదకి లోటు చేయలేదు, అంతవరకే. మరి క్షమించిందన్న మాట ఈ వ్యాసంలోకి ఎక్కడి నుంచి వచ్చింది? అది కథలోంచి తీసింది కాదు. ఇన్నేళ్ళుగా తను ఇంటా బయటా చెప్పుకుంటూ తిరిగిన మాట. ఆ సంగతి తెలిసేసరికి వేలక్కకి ఏడుపు ఆగలేదు. దవడ పట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన "నీక్కూడా పన్నేనా అమ్మా?" అని జాలిపడ్డాడు.

సాయంత్రం క్లాసు మొదలవకముందే సారు గదికి వెళ్ళింది.

"నా వ్యాసం వెనక్కిచ్చేయండి సార్. తప్పు రాశాను."

సారు అంతా విని, కథ తీసి తనూ చదువుకున్నారు. "నిజమేనమ్మా. నేనూ పప్పులో కాలేశాను. కానీ ఇవాళే పేరు ఇచ్చేయాలి. మళ్ళీ రాయడానికి టైం లేదు. ఇంత బాగా రాశారు, ఇప్పుడెవరు వెతుకుతారు చెప్పండి?"

"నేను వెతికాను కదండీ. దొరకలేదు."

"ఉద్యోగం పోతుందమ్మా."

"పోతుంది సార్" అంది. "రేపు ఆ గదిలో కూర్చుని, ఎక్కడుందో చూపించమని పిల్లల్ని ఏ మొహం పెట్టుకుని అడగను?"

సారు కాగితాలు తిరిగి ఇచ్చేశారు. చదువుకున్నవాళ్ళని చాలామందిని చూడొచ్చు కానీ, తన మాట తప్పని తనే పట్టుకుని, పట్టుకున్నందుకు ఉన్నదీ వదులుకునే మనిషికి చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే. ఆ కుర్చీ ప్రవాహానికి దక్కింది. "అక్కా, ఇది నీది" అని వాడు ఏడుపు మొహం పెడితే, వీపు మీద ఒక్కటేసి, బాగా చేయమంది. బస్సెక్కాక మాత్రం వ్యాసం కాగితాలు నలిపి బ్యాగులో కుక్కింది.

ఇంటికి వచ్చేసరికి తల్లి మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"అమ్మా, నన్ను బడి ఎందుకు మాన్పించావు? వాణ్ణి చూడ్డానికి నాన్న లేడా? అత్త లేదా?"

తల్లి చేతులు ఆగిపోయాయి.

"ఉన్నారు. వాళ్ళనడిగితే గొడవవుతుంది. నువ్వైతే ఎదురు చెప్పవు కదా, అందుకని." చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "ఎప్పటికైనా అడుగుతావనుకున్నాను. అడగలేదు. పోనీలే, మనసులో ఏం పెట్టుకోలేదనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నాను. కానీ నాకు కోపంగానే ఉందమ్మా. చాలా కోపంగా ఉంది."

"ఉండదూ మరి?" అంది తల్లి. "తిట్టు. వింటాను."

వేలక్క తిట్టడం మొదలుపెట్టింది. తల్లి బట్టలు పక్కకి నెట్టి, ఒక్క మాటకీ అడ్డురాకుండా అంతా వింది.