ఆలస్యంగా వచ్చే ఆమెన్

జెర్సీ సిటీలో మా తెలుగు చర్చికి వచ్చే నర్సు ఆంటీ అందరికంటే ఆలస్యంగా 'ఆమెన్' అనేవారు. ప్రార్థనలో ఏం అడిగారో మనసులో ఒకసారి తిరగేసుకుని, ఆ తర్వాతే అనేవారు. బోస్టన్ వెళ్ళొచ్చినప్పటి నుంచి ఆమెకి ఆ అలవాటు.

ఆ ప్రయాణంలో నేనూ ఆమెతో ఉన్నాను. అక్కడి పార్కులో గైడు ఒక పాత సంగతి చెప్పాడు. తమకి నచ్చినట్టు దేవుణ్ణి కొలుచుకోనివ్వలేదని సముద్రం దాటి వచ్చినవాళ్ళే, మరో రకంగా కొలిచిందని ఒక క్రైస్తవ స్త్రీని ఆ ఊళ్ళో ఉరి తీశారట.

"ఉరి తీసేముందు వాళ్ళు ప్రేయర్ చేశారేమో అడుగమ్మా" అన్నారు ఆంటీ నాతో.

"చేసే ఉంటారు" అన్నాడు గైడు.

పెద్దయ్యాక నీళ్ళలో మునిగి తీసుకున్నదే అసలు బాప్తిస్మమని మా చర్చి నియమం. ఆ చలికాలంలో, మా చర్చికి వచ్చే ఎమ్మెస్ స్టూడెంట్ ఒకమ్మాయి, పసితనంలో గుంటూరులో ఇచ్చిన బాప్తిస్మమే చాలని, మళ్ళీ నీళ్ళలో మునగనని చెప్పింది. ఆమెని సంఘం నుంచి వెలివేయాలని పెద్దలు నిర్ణయించారు. ఆదివారం ఆ నిర్ణయం చదివేముందు, ఆ అమ్మాయి ఎదుటే పాస్టర్ గారు "ప్రార్థన చేసుకుందాం" అని కళ్ళు మూసుకున్నారు.

"అయ్యగారూ" అంటూ ఆంటీ లేచి నిలబడ్డారు. "పంపాలనుకుంటే పంపేయండి. దానికి దేవుడి పేరు మాత్రం వాడొద్దండి."

పాస్టర్ గారు కళ్ళు తెరిచి, వేదిక దిగి వచ్చేశారు.

ఆ అమ్మాయిని ఎవరూ పొమ్మనలేదు. ఆ రోజు మాత్రం ప్రార్థన లేకుండానే కోట్లు తొడుక్కుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా బయటికి నడిచాం.