కొర్రమట్ట, మరల్, కొర్రమీను

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అంతకు ముందు ఏడే మేము గోదావరి వైపు భూమి అమ్ముకుని, తుంగభద్ర కాలువ కింద పొలం కొనుక్కుని కర్ణాటకలో మస్కి దగ్గరికి వచ్చాం. మాలాగే వచ్చిన మరికొన్ని కుటుంబాలు పక్కపక్కనే పాకలు వేసుకున్నాయి. ఆ చోటును అందరూ క్యాంపు అనేవారు. ఊరు అని అనడానికి ఇంకా ఎవరికీ నోరు రాలేదు.

ఆ ఎండాకాలం మొదట్లో నాకు తమ్ముడు పుట్టాడు. బారసాల కాకముందే పోయాడు. నాన్న ఉయ్యాల విప్పి పైన వాసాల మధ్య దోపేశాడు. తమ్ముడి ఊసు ఎత్తొద్దని, ఎత్తితే అమ్మ ఇంకా బెంగపడుతుందని నాకు గట్టిగా చెప్పారు. క్యాంపులో ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవారు, మళ్ళీ పుడతాడులే అనేవారు, వెళ్ళిపోయేవారు. వాళ్ళు వచ్చి వెళ్ళిన ప్రతిసారీ అమ్మ గోడవైపుకు ఇంకాస్త తిరిగి పడుకునేది. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. నేను పెరుగన్నం కలిపి నోటి దగ్గర పెట్టినా, నా చెయ్యి నిమిరి పక్కకు తప్పించేది తప్ప తినేది కాదు.

నాకు బయట కూడా మాట కరువే. బడి కన్నడంలో. నేను నోరు తెరిస్తే పిల్లలు నవ్వేవారు. దాంతో ఇల్లు దాటితే తలూపడమే తప్ప మాట్లాడడం మానేశాను. నాన్న పొద్దస్తమానం పొలంలోనే ఉండేవాడు. ఇదంతా కనిపెట్టి చూస్తూ ఉన్నది మా తాతయ్య ఒక్కడే, నాన్న వాళ్ళ నాన్న.

ఒక సంత రోజున తాతయ్య నన్ను తీసుకుని మస్కి బస్సెక్కాడు. అమ్మకు కొర్రమీను పులుసు పెడితే ఒంట్లో సత్తువ వస్తుందని, మా గోదావరి వైపు బాలింతలకు అదే పెడతారని దారి పొడుగునా చెప్పాడు. బస్సు దిగి చేపలు అమ్మే వరుస దగ్గరికి వచ్చేసరికి ఉన్నట్టుండి గొంతు పట్టుకుని ఆగిపోయాడు. నోరు తెరుస్తాడు, మాట రాదు. తాతయ్య గొంతు చూపించి, చేపల గంపలు చూపించి, నన్ను ముందుకు నెట్టాడు. అడిగేది నువ్వే అన్నట్టు.

వరుస చివర ఒక పెద్ద వయసావిడ గోనెపట్టా మీద కూర్చుని ఉంది. అక్కడి వాళ్ళు అవ్వా అని పిలుస్తుంటే విన్నాను. మిగతా వాళ్ళలా కేకలు వెయ్యడం లేదని ఆవిడ దగ్గరికే వెళ్ళాను. చాలాసేపు నిలబడ్డాను.

"యావ మీను బేకవ్వా?" అంది ఆవిడ. ఏ చేప కావాలమ్మా అని.

ఆ మాట నాకు అర్థమైంది. కన్నడం వచ్చి కాదు, మీను అన్న ముక్క మా ఇంటి మాటలా వినిపించి. "కొర్రమీను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆవిడ కళ్ళు చిన్నవి చేసింది. నేను మోచేతి దాకా చెయ్యి చాపి పొడుగు చూపించాను. పాములాంటి తల అన్నాను. నల్లటి వీపు, కుండలో కాసిని నీళ్ళున్నా చచ్చిపోదు, ముళ్ళు తక్కువ. ఇన్ని మాటలు వరసగా నేను బయటివాళ్ళతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

ఆవిడ గలగలా నవ్వింది. బడిలో పిల్లల నవ్వులా లేదు అది. ఆ వెంటనే తెలుగులోకి దిగింది, తెలంగాణ వైపు యాసలో. "అరె, కొర్రమట్ట అనరాదె! తెలుగోళ్ళేనా మీరు? గట్ల చెప్పు మల్ల. మేం కొర్రమట్ట అంటం, సాయిబులు మరల్ అంటరు. మీరేమొ కొర్రమీను అంటిరి. చేప అనేటోళ్ళకు మీను యాడికెల్లి వచ్చె? మీను కన్నడపోళ్ళ మాట గద!"

అప్పుడు మా తాతయ్య గొంతు తిరిగొచ్చింది. ఆపుకోలేకపోయాడు పాపం. "కన్నడం వాళ్ళది అంటావేంటమ్మా? మీను మనది కూడాను. వాళ్ళు దాన్ని రోజూ వాడుకుంటున్నారు, మనం చేప అనడం మరిగి, ఇదిగో ఇలాంటి ఒకటి రెండు పేర్లలోనే మిగుల్చుకున్నాం" అన్నాడు.

నేను తాతయ్య ముఖంలోకి చూశాను. ఆయన ఆకాశంలోకి చూశాడు.

ఆ తరవాత ఇద్దరికీ వాదన పడింది. కొర్ర అంటే ఏమిటని. కొర్రు అంటే మొనదేలిన కర్ర, నిటారుగా బాణంలా దూసుకుపోతుంది కాబట్టి ఆ పేరని తాతయ్య. ఎహె కాదు, దాని పిల్లలు గుంపుగా నీటి మీదికి వస్తే కొర్రగింజలు పారబోసినట్టు ఉంటుంది, అందుకని ఆ పేరని అవ్వ. ఎవరిది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. మరల్ అన్న మాటను మాత్రం పెద్దయ్యాక ఇంగ్లీషు పుస్తకంలో చూశాను. దొరలు మన బజార్లో విన్న పేరునే కాస్త నోరు తిప్పుకుని పట్టుకుపోయారట.

అంత వాదించాక తెలిసిందేమిటంటే, ఆ రోజు అవ్వ గంపలో కొర్రమట్ట లేదు. నా ముఖం చూసి ఆవిడ, "ఎవరికి బిడ్డ, గంత అవుసరం?" అని అడిగింది.

తాతయ్య చెబుతాడేమోనని చూశాను. ఆయన చెప్పలేదు. నేనే చెప్పాను. "అమ్మ అన్నం తినట్లేదు. తమ్ముడు చచ్చిపోయాడు." ఇంట్లో ఎవ్వరూ అనని మాట అది. అన్నాక నాకే భయం వేసింది. తాతయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు.

అవ్వ మా క్యాంపు ఎటువైపని అడిగి, "రేపు నేనే తెస్త తియ్. మీరు పోండ్రి" అంది.

మర్నాడు పొద్దెక్కేసరికి మూతికి గుడ్డ కట్టిన కుండ నెత్తిన పెట్టుకుని వచ్చింది. కుండలో నీళ్ళు కదులుతున్న చప్పుడు. అమ్మను లేపబోయాను. అవ్వ వద్దని చెయ్యి ఊపి, గుమ్మం బయటే చతికిలబడి, లోపలికి వినపడేలా అడిగింది. "ఓ బిడ్డా, గీ మట్టను మీ దిక్కు ఎట్ల వండుతరు? మాకు ఒక్క తీరే ఎరుక. మీ పిల్ల ఏందేందో చెప్పె, నాకు తెల్వకపాయె."

అవ్వ కుండ మూతి గుడ్డ విప్పి, చేపతో తనే మాట్లాడుతున్నట్టు ఏదో గొణుగుతూ కూర్చుంది. చాలాసేపటికి అమ్మ గొంతు వినిపించింది. "బూడిద వేసి తోమాలి. లేకపోతే జిగురు పోదు."

"బూడిదనా? మేం ఉప్పేస్తం గద!"

"ఉప్పు తరవాత."

అలా మొదలైంది. అమ్మ ఒక్కొక్క మాటే అంది. చింతపండు ఎంత, మెంతులు ఎప్పుడు వెయ్యాలి, కూర దించాక గరిటె ఎందుకు పెట్టకూడదు. అవ్వ తెలియనట్టే అడుగుతూ పోయింది. ఏళ్ళ తరబడి చేపలు అమ్మిన మనిషికి తెలియక కాదని నాకు అప్పుడు తట్టలేదు. మాటల మధ్యలో అమ్మ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు గుమ్మంలోకి వచ్చి కూర్చుందో చూడనే లేదు.

అవ్వ ఆ చేప సంగతి చెప్పింది. పిల్లలు పైకి తేలి తిరుగుతుంటే తల్లీ తండ్రీ కిందనే కాపలా ఉంటాయట. ఏదన్నా దగ్గరికొస్తే మీదపడి కరుస్తాయట. అందుకని పిల్లలున్న మట్టను తమ ఇంట్లో పట్టరట. అని, అదే గొంతుతో, "నీ కొడుకుకు ఏం పేరు అనుకుంటివి బిడ్డ?" అంది.

తాతయ్య అరుగు మీద నుంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. అప్పటిదాకా ఎవరూ ఆ మాట అడగలేదు. బారసాల కానివాడికి పేరేమిటని అందరూ అనుకున్నాం.

అమ్మ పేరు చెప్పింది. ఏనాడో అనుకుని పెట్టుకుందట, నాన్నకు కూడా చెప్పలేదట. ఒకసారి చెప్పింది, ఇంకోసారి చెప్పింది, తరవాత అవ్వ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. తమ్ముడు పోయాక అమ్మ అలా గొంతెత్తి ఏడవడం అదే మొదటిసారి. అవ్వ ఊరుకో అనలేదు. వీపు నిమురుతూ, "మంచి పేరు. మంచి పేరు పెట్టుకుంటివి. నాకు గూడ ఒగడు పోయిండు బిడ్డ, ఇప్పటికీ పిలుస్త" అంది. ఆ పేరు ఇక్కడ రాయను. అది మా ఇంటిది.

ఆ మధ్యాహ్నం అమ్మే పొయ్యి వెలిగించింది. బూడిదతో తోమింది అమ్మ, ముక్కలు కోసింది అవ్వ. పులుసు కాస్త కారమయింది. అమ్మ ఎక్కువేమీ తినలేదు కానీ, తిన్నది. పొలం నుంచి వచ్చిన నాన్న గుమ్మంలోనే ఆగిపోయి, కంచం ముందు కూర్చున్న అమ్మను చూసి, కాళ్ళు కడుక్కునే నెపంతో నీళ్ళ గాబు దగ్గర చాలాసేపు ఉండిపోయాడు. ఆ రాత్రి అమ్మ తమ్ముడి పేరు నాన్నకు కూడా చెప్పింది.

అవ్వ మాకు బంధువు అయిపోయింది. అమ్మ ఆవిడ దగ్గర కన్నడం నేర్చుకుంది, నేను అమ్మ దగ్గర నేర్చుకున్నాను. గొంతు పోయిన సంగతి తాతయ్యను ఎప్పుడడిగినా, సంతలో దుమ్ముకు అలా అవుతుందిలే అనేవాడు.

ఇప్పుడు నేను అవ్వ వయసు దాటేశాను. చావు జరిగిన ఇళ్ళకు వెళ్ళవలసిన వంతు తరచుగా వస్తోంది. అందరూ ఓదార్పు మాటలు చెబుతుంటే నాకు అవి నోటికి రావు. కాసేపు కూర్చుని, పోయినవాళ్ళ పేరు అడుగుతాను. పేరు తెలిసి ఉంటే, ఇంట్లో ఏమని పిలుచుకునేవారని అడుగుతాను. మొన్న మా వీధిలో భార్య పోయిన ఒక పెద్దాయనను అలాగే అడిగాను. పక్కనున్నవాళ్ళు నా వంక కోపంగా చూశారు. ఆయన మాత్రం తలెత్తి, ఏళ్ళ తరబడి నాలుగు గోడల మధ్యే పిలుచుకున్న ఆ ముద్దుపేరు పైకి చెప్పి, నాకోసం పక్కకు జరిగి చాప మీద చోటిచ్చాడు.