ఆయన రాసింది నేను చదివిన ఆదివారం

ఆపరేషన్ చేసి గొంతు తీసేశాక మా ఆయన ఒకే ఒక్క పూట ఉద్యోగం చేశారు. 2009 మే నెల, ఆదివారం. గార్లదిన్నెలో మా అమ్మవాళ్ళింటి వసారాలో మంచం మీద కూర్చుని, ఎక్కడో తాడిపత్రి దగ్గరున్న సిమెంటు ఫ్యాక్టరీలోని సర్వరును కొత్త వెర్షనుకు మార్చారు. ఆ తర్వాత నలభై ఎనిమిది రోజులే ఉన్నారు.

ఆయనది విడపనకల్లు పక్కన పల్లె. గొర్రెలు కాసే ఇంట్లో డిప్లొమా దాకా చదివిన మొదటి మనిషి. ఫ్యాక్టరీలో కంప్యూటర్ గది ఆయన చేతి కింద ఉండేది. మొదట్లో లారీల కాటాకు ఒకటి, జీతాలకు ఒకటి, స్టోర్సుకు ఒకటి, ఇలా ఆరు కంప్యూటర్లు ఉండేవట. వాటన్నిటినీ రెండు పెద్ద యంత్రాల్లోకి ఎక్కించారు. బయటికి కనిపించేవి రెండే పెట్టెలు. లోపల మాత్రం ఆరూ దేని పాటికి అది నడుస్తుంటాయి. ఆరింటి మీదా పెత్తనం చేసే సర్వరు మరొకటి.

"ఒగే ఇంట్లో ఆరుమంది కోడండ్లు, ఆరు పొయ్యిలు. ఎవురికెన్ని కట్టెలని చూసే అత్త ఇది" అని రామప్పకు చెప్పేవారు. రామప్ప ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు. మౌసు పట్టుకుంటే చురుకే గానీ, నల్లటి తెర మీద కమాండ్లు కొట్టమంటే చెమటలు పట్టేవి.

కొత్త వెర్షను వేయాల్సింది ఆ అత్తకే. రామప్ప మామూలు పద్ధతిలో బటన్లు నొక్కుతూ పోతే రెండుసార్లూ సగంలో ఆగిపోయింది. కమాండ్లతో అయితే అవుతుందని ఆయన నమ్మకం. ఆదివారం కూడా కాకపోతే సోమవారం బెంగళూరు వాళ్ళను పిలుస్తానన్నాడు మేనేజరు. ఆ మాట విన్నాక ఆయన నోటుబుక్కు తీసుకుని రాసి నాకు చూపించారు.

"ఇది నా చేత్తో అయితే వచ్చే నెల డ్యూటీకి పోతా. ఈ పనికి గొంతుతో ఏం పని?"

నేను ఆ రోజు దేవుణ్ణి అడిగింది సర్వరు గురించే.

తొమ్మిదింటికి ఫ్యాక్టరీ నుంచి రామప్ప ఫోన్ చేశాడు. మాట గట్టిగా వినిపిస్తుందని ఫోన్ స్పీకరు పెట్టి ఖాళీ స్టీలు గిన్నెలో ఉంచాను. తెర మీద వచ్చింది రామప్ప చదవాలి, ఆయన విని రాయాలి, రాసింది నేను చదవాలి.

"తిప్పేషన్నా, ఇనపడతాందా? నా చెయ్యి వణుకుతాందన్నా."

ఆయన రాశారు. నేను చదివాను. "నీ చెయ్యి వణికితే వణకనీ, నా సర్వరు వణకకుండా చూడు అంటాండాడు."

ముందు సర్వీసు ఆపించారు. తర్వాత డేటాబేసు కాపీ.

"గంట పడతాదంటాండాదన్నా. కాపీ ఇడిసిపెట్టి ముందుకు పోదామా?"

ఆయన పెన్సిలు విరిగేంత నొక్కి 'వద్దు' అని రాశారు. నేను ఆ వద్దును గట్టిగానే చదివాను. గంటంబావు కూర్చున్నాం. అసలు కమాండు వంతు వచ్చింది. ఒక్కో అక్షరం చెప్పుకుంటూ పోయాను.

"అడ్డగీత ఒగటా రెండా వదినా?"

"రెండు."

"మధ్యలో జాగా ఇడసల్లనా?"

ఆయన తల ఊపారు. "ఇడసల్లంట."

ఎంటరు కొట్టాడు. తెర ఏదో అడిగినట్టుంది, రామప్ప ఇంగ్లీషులో గొణుక్కుంటున్నాడు. ఆయన పేజీ తిప్పి ఒక్క మాట రాసి నా ముందుకు జరిపారు. ఇంగ్లీషు అక్షరాల్లో 'సరళ' అని ఉంది.

పన్నెండేళ్ళ కాపురంలో ఆయన నన్ను పేరుపెట్టి పిలవలేదు. 'మే' అనో 'ఇదో' అనో పిలిచేవారు. మా వైపు మగవాళ్ళందరూ అంతే. పెళ్ళాన్ని పేరుపెట్టి పిలిస్తే నలుగురూ నవ్వుతారు. ఇప్పుడు గొంతు పోయాక, రాతలోనైనా పిలిచారనుకున్నాను.

"ఏంది? నీళ్ళు గావల్లనా?" అని లేచాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. పెన్సిలు మొనతో నా పేరు కింద గీత గీసి, ఫోన్ వైపు చూపించారు.

"వదినా, యాడికి పోయినారు? పాస్‌వర్డు అడుగుతాంది!"

మళ్ళీ కూర్చున్నాను. ఎస్ పెద్దక్షరం అని మొదలుపెట్టి, నా పేరు నేనే ఒక్కో అక్షరం చెప్పాను. అవతల రామప్ప ఆ అక్షరాలు కొట్టుకుంటూ పోయాడు.

"అదేంది, నీ పేరు గదా వదినా! అన్నా, ఈ ముక్క కోసరం నీకెన్ని టీలు తాపినా, ఒగనాడన్నా చెప్తివా?"

ఆయన నవ్వారు. మెడలోని గొట్టంలోంచి గాలి బుసబుసమంది, అంతే. ఎన్ని పొద్దులు ఆ చల్లటి గదిలో కూర్చుని నా పేరు కొట్టి పని మొదలుపెట్టారో! ఇంటికొచ్చి మాత్రం 'మే, అన్నం పెట్టు' అనేవారు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

పన్నెండున్నరకు రామప్ప అరిచాడు. "అయిపాయె! అన్నా, అయిపాయె! ఆరూ లేచినాయి. కాటా లేచింది, జీతాలు లేచినాయి!"

మా అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపారు. వచ్చే నెలకు చొక్కాలు ఇస్త్రీకి వేయాలని అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

"అన్నా, ఒగ మాట" అన్నాడు రామప్ప. "కొత్తదానికి పాత పాస్‌వర్డు పనికి రాదంటాండాది. ఎనిమిది అక్షరాలుండల్లంట, అంకె గూడా ఉండల్లంట. ఏం పెడదాం?"

"నా పేరు పక్కన మా పెండ్లయిన సంవత్సరం చేర్చు" అన్నాను నేను, సిగ్గు విడిచి.

ఆయన నన్ను చాలాసేపు చూశారు. తర్వాత నిదానంగా రాశారు.

"రామప్పనే పెట్టుకోమను. ఏం పెట్టినాడో నాకు చెప్పొద్దను."

నేను చదవలేదు. ఆ గది తాళం ఇంకొకరికిచ్చిన మనిషి మళ్ళీ ఆ గదికి పోడు. అది నాకంటే ముందే ఆయనకు తెలుసు. పొద్దున కూడా తెలుసేమో. ఆయన చదవమన్నట్టు కాగితం మీద వేలితో రెండుసార్లు కొట్టారు. చదివాను.

"నేనెందుకు పెట్టుకుందునన్నా? రేపు నువ్వొచ్చినాక నీకు తెలీకపోతే..." అని, రామప్ప ఆగిపోయాడు. "సరేలేన్నా" అన్నాడు.

గిన్నెలోంచి మీటల చప్పుడు వినిపించింది. ఒకరు పాస్‌వర్డు కొడుతుంటే పక్కనున్నవాళ్ళు చూడకూడదు, అది వాళ్ళ పనిలో మర్యాద. ఆయన ఫోన్ వైపు నుంచి ముఖం గోడవైపు తిప్పుకుని, రామప్ప కొట్టడం అయ్యేదాకా అలాగే కూర్చున్నారు.