జెన్ తీర్పులు

మా ఊళ్ళో జెన్ నోవిట్స్కీతో తగువు పడనివాడు లేడు. చర్చి ఫాదర్ కూడా ఒక ఆదివారం ఆమెను గుమ్మంలోనే ఆపి, "దేవుడి సాక్షిగా నిన్నటి ఆటలో అది హిట్టేనమ్మా" అన్నాడు.

"దేవుడు ఏ మూల కూర్చున్నాడో నాకు తెలీదు ఫాదర్, నేను మాత్రం నడిమధ్యన కూర్చున్నాను" అంది జెన్.

మాది పెన్సిల్వేనియాలో బొగ్గుగనుల ఊరు. పెద్ద లీగులకి ఎక్కాలని ఆరాటపడే కుర్రాళ్ళ బేస్‌బాల్ జట్టు ఒకటుంది మాకు. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో రిటైరయ్యాక జెన్ దానికి స్కోరర్ అయింది. కొట్టినవాడు బేస్ చేరితే, అది వాడి ప్రతాపమైతే హిట్టు, బంతి పట్టాల్సినవాడి చేతగానితనమైతే ఎర్రరు. ఆ తీర్పు అంపైరుది కాదు, స్కోరర్‌ది. ఎర్రరైతే కొట్టినవాడి సగటులో అవుటైనట్టే లెక్క. ఆట అవగానే జెన్ ఆ అంకెలన్నీ పత్రికకి ఫోన్లో చదివేది. మర్నాడు ఊరంతా కాఫీతోపాటు వాటిని నమిలేది. నేను ఆమె పక్కింటివాణ్ణి, పైగా మైదానంలో వేరుశనక్కాయలు అమ్మేవాణ్ణి. ఆమెకు చేరాల్సిన తిట్లలో సగం నాకే ముట్టేవి.

ఆటగాళ్ళ జీతాలు అంతంతమాత్రం. అందుకని వాళ్ళని తలా ఒక ఇంట్లో పెట్టుకోవడం మా అలవాటు. ఆ ఏడు జెన్ ఇంట్లో దిగినవాడు డార్నెల్ ప్రూయిట్, ఆర్కాన్సా కుర్రాడు. ఆమె చేసే పియెరోగీలకి, అంటే ఆలుగడ్డ కూరి ఉడికించే పోలండ్ కజ్జికాయలకి, వాడు పడి చచ్చేవాడు. వాడి చిరిగిన సాక్సులు కూడా ఆమే కుట్టేది. అంత ముద్దు చేసినా, మైదానంలో వాడు వదిలిన బంతిని ఒక్కదాన్నీ క్షమించలేదు.

సీజన్ చివరి ఆట రోజు మేనేజర్ వాడికి తెగేసి చెప్పాడు. "సగటు మూడొందలకి తెస్తే పై లీగుకి నీ పేరు పంపుతా. లేదంటే ఇంటికి బస్సెక్కు."

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వాడి ఆఖరి వంతు వచ్చింది. ఒక్క హిట్టు పడితే సరిగ్గా మూడొందలు, అంటే వెయ్యి వంతులకి మూడొందల హిట్ల లెక్క. లేకపోతే రెండొందల తొంభై ఎనిమిది. డార్నెల్ గట్టిగానే బాదాడు. బంతి నేరుగా మూడో బేస్ దగ్గర కాపలా ఉన్న అవతలి జట్టువాడి గ్లవ్‌లోకి వెళ్ళి, తడి సబ్బులా జారి కిందపడింది. డార్నెల్ బేస్ చేరాడు. ఊరంతా తలెత్తి, గ్యాలరీ పైన జెన్ కూర్చునే స్కోరర్ గది వైపు చూసింది.

బోర్డు మీద ఎర్రర్ దీపం వెలిగింది.

"ఒసే జెనీ! ఇంట్లో తిండిపెట్టి ఇక్కడ గొంతు కోస్తావా!" అని మాంసం కొట్టు స్టాన్లీ అరిచాడు. నాకూ ఒళ్ళు మండింది. నా మనసులో అది హిట్టే, ఎవడేమన్నా సరే.

మర్నాడు పొద్దున్న డార్నెల్ పెట్టె మొయ్యడానికి వెళ్ళాను. అలవాటు ప్రకారం ఆమె పళ్ళేలు కడిగి ఇస్తోంది, వాడు తుడుస్తున్నాడు. జెన్ వాళ్ళమ్మ పోలండ్ నుంచి తెచ్చిన పళ్ళెం ఇద్దరి చేతుల మధ్య నుంచి జారి, భళ్ళున పగిలింది.

ఊరుకోవచ్చు కదా, నా నోరు ఊరుకోదు. "హిట్టా, ఎర్రరా?" అన్నాను.

జెన్ ఆ ముక్కలవైపు చూసింది. "ఎర్రర్. నాది. వాడి చెయ్యి అందకముందే వదిలేశాను."

"లేదండీ, నేనే చూసుకోలేదు" అన్నాడు డార్నెల్.

"స్కోరర్ నువ్వా, నేనా?"

వాడికి నవ్వాగలేదు. తర్వాత మెల్లిగా, "మరి నిన్నటిదో?" అన్నాడు.

"అది మూడో బేస్ వాడిదే నాయనా. రాత్రంతా కూర్చుని ఆలోచించాను. ఎటు తిప్పినా వాడిదే."

"పరిగెడుతూ నేనూ చూశాను లెండి." వాడు ఒంగి ముక్కలు ఏరాడు. "అయితే ఈ సీజన్లో మీరు రాసిన నా హిట్లన్నీ నిజంగా నావేనన్నమాట."

జెన్ ఆప్రాన్ కొసతో కళ్ళు తుడుచుకుంది.

"నీవే," అంది. "జూన్‌లోది ఒక్కటే నాకు ఇప్పటికీ అనుమానం."